కాలువ గట్టు మీద వదిన

కొత్తలాకులు, తణుకు దగ్గర
4-2-2001

అమ్మాజీ వదినకి లీల నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. అన్నయ్య ఔట్‌డోర్ షూటింగు నుంచి తిరిగొచ్చాడో లేదో రాయి. వచ్చినా తను ఉత్తరం రాయడు కాబట్టి నువ్వే రాయి.

మొన్న సాయంత్రం వార్తలకి ముందు టీవీలో నిన్ను చూశాం. ముందు చూసింది మా అత్తగారు. వత్తులు చేసుకుంటున్న ఆవిడ తలెత్తి, "ఆ సైకిలు మీద పోయేది మీ వదిన కాదుటే?" అన్నారు. నేను నవ్వాను. మా వదిన రిక్షా ఎక్కితేనే గోవిందా గోవిందా అంటుంది, సైకిలు కూడానా అన్నాను. అంతలో నువ్వు ఇటు తిరిగి నవ్వావు. ఆకుపచ్చ నేత చీర, పైట గాలికి ఎగురుతోంది. గట్టు మీద నుంచి వంతెన మీదికి వచ్చి, దాటి, వెళ్ళిపోయావు. ఆఖర్న కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నావు. "నేర్చుకోవడానికి వయసెందుకు" అని అక్షరాలు పడ్డాయి. ఎవరో హైదరాబాదులో కంప్యూటర్ కోర్సులు చెప్పేవాళ్ళ ప్రకటనట.

నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. నిన్న మళ్ళీ వచ్చింది, ఈసారి జాగ్రత్తగా చూశాను. చూశాక గర్వం పోయింది వదినా. అది మా లాకుల వంతెన. పక్కన విరిగిన సిమెంటు బల్ల, వెనక సుబ్బరామయ్య బాబాయిగారి కొబ్బరితోట, నీలం పంపుషెడ్డు. ఆ షెడ్డు నుంచి మా ఇంటికి రెండు వందల అడుగులు. అంతదాకా వచ్చి, మా ముందు నుంచే సైకిలు మీద వెళ్ళి, ఒక్క గ్లాసు మంచినీళ్ళకైనా లోపలికి రాలేదు. మా ఆయన "పెద్దవాళ్ళతో వచ్చి ఉంటుంది, వీలుపడలేదేమో" అన్నారు.

రాయకూడదనుకుంటూనే రాశాను. నా సంగతి కూడా చెప్పాలి. మా అంగన్‌వాడీని కాలువ అవతలి ఊరి కేంద్రంలో కలిపేశారు. మూడు మైళ్ళు. బస్సు లేదు. ఎనిమిదిన్నరకి తలుపు తీయాలని సూపర్‌వైజరమ్మ గట్టిగా చెప్పింది. మార్చి నెలాఖరు దాకా చూస్తుందట, ఆ తర్వాత అవతలి ఊరి మనిషిని వేసుకుంటుందట. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగం. ఇంట్లో వంట ముగించి నడిచి వెళ్తే వేళకి అందను, సైకిలు తప్ప దారి లేదు. చిన్నప్పుడు అన్నయ్య నన్ను వెనక కూర్చోబెట్టుకుని కాలువలో పడేసిన దగ్గర్నుంచి నాకు సైకిలంటే ఎంత భయమో నీకు తెలుసు.

నిన్ను చూశాక, యాభయ్యేళ్ళ మా వదినకి లేని భయం నాకెందుకు అనుకున్నాను. ఈ ఉదయం ఎక్కాను. పది గజాలు పోయాను.

ఉంటాను,
లీల

కృష్ణానగర్, హైదరాబాదు
11-2-2001
(పంపలేదు)

లీలా,

నీ ఉత్తరం దేవుడి దగ్గర పెట్టి, దీపం వెలిగించి, మళ్ళీ చదివాను. నీకు నిజం రాస్తున్నాను.

నేను మీ ఊరు రాలేదు. సైకిలూ తొక్కలేదు.

నా పని నీకు తెలిసిందే. సినిమాలు మొదలుపెట్టేవాళ్ళకి ముహూర్తం పూజ సామాను అమర్చి ఇస్తాను. మామిడాకులు, కలశం, కెమెరాకి పెట్టే పసుపు, కుంకుమ, హారతి పళ్ళెం. జనవరిలో ఫిల్మ్‌నగర్‌లో ఒక స్టూడియో ఫ్లోరులో ఈ ప్రకటన ముహూర్తానికి వెళ్ళాను. వేషం కట్టాల్సిన ఆవిడ విజయవాడ నుంచి రాలేదు. డైరెక్టరు చలపతిరావుగారు నేను హారతి ఇస్తుంటే చూసి, "ఈవిడే. ఈ నవ్వే కావాలి" అన్నారు. నాకు సైకిలు రాదు బాబూ అన్నాను. "రానక్కర్లేదమ్మా, కూర్చుంటే చాలు" అన్నారు.

చెక్క మీద ఇనప స్టాండు, దానికి సైకిలు బిగించారు. వెనక చక్రం నేలకి జానెడు ఎత్తున ఉంది. వెనకాల గోడంత నీలం గుడ్డ. ముందర పెద్ద ఫ్యాను. ఇద్దరు మనుషులు కింద కూర్చుని చెక్కని మెల్లగా ఊపుతున్నారు, ఉయ్యాల ఊపినట్టు. తొక్కమన్నారు, తొక్కాను. చక్రం తిరిగింది. గాలి మొహం మీదికి వచ్చింది, పైట ఎగిరింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఎక్కడికో పోతున్నాను లీలా. బరువు లేదు, వయసు లేదు, కింద నేల ఉందో లేదో తెలియదు. అమ్మవారి పల్లకి మోసుకుపోతున్నప్పుడు ఆ తల్లికి ఇలాగే ఉంటుందేమో అనిపించింది.

"కళ్ళు మూసుకోకండమ్మా, రోడ్డు చూడండి" అని అరిచారు.

"ఏ రోడ్డు బాబూ?"

"అది తర్వాత వేస్తాం."

వాళ్ళ కంప్యూటర్లో రోడ్లు ఉంటాయట. ఎప్పుడో ఏదో పాట కోసం గోదావరి వైపు జీపులోంచి తీసి పెట్టుకున్న రోడ్డు నచ్చి, నా వెనకాల అతికించారు. అది మీ గట్టని నాకు టీవీలో చూసినప్పుడే తెలిసింది. మా ఇంటివాళ్ళ వరండాలో నిలబడి చూస్తూ, నీ ఇంటి పక్కనుంచి నేను వెళ్ళిపోవడం చూసి, నాకే తల కొట్టేసినట్టయింది. ఒకసారి ఆగవచ్చు కదా అని నన్ను నేనే అనుకున్నాను.

ఇది పంపితే నువ్వు రేపు సైకిలు దిగిపోతావు. నన్ను చూసి ఎక్కావు. పంపకపోతే, ఆడపడుచు గడప చూసి కూడా దాటిపోయినదాన్ని అవుతాను. రెండూ భరించలేను. దేవుడి గూట్లో పెడుతున్నాను. ఏం చేయాలో ఆయనే చెప్పాలి.

వదిన

కృష్ణానగర్
13-2-2001

చిరంజీవి లీలకి మీ వదిన దీవెనలు.

నీ ఉత్తరం అందింది. మీ అన్నయ్య ఇంకా రాలేదు. బత్తాయిలు బాగా వస్తున్నాయి, పిల్లలకి పంపాలని ఉంది, ఎవరైనా ఇటు వస్తే చెప్పు.

మీ ఇంటికి రానందుకు కారణం ఉంది. చెప్పే రోజున చెప్తాను. తప్పు నాదే అనుకో, ఇంకెవరినీ ఏమీ అనుకోకు. సైకిలు మాత్రం మానకు. కాలువకేసి చూడకూడదు, పోవాల్సిన దారికేసి చూడాలి అంటారు నేర్పేవాళ్ళు.

మీ అత్తగారిని అడిగానని చెప్పు.

అమ్మాజీ

కొత్తలాకులు
1-3-2001

అమ్మాజీగారికి,

మీ కార్డు అందింది. కారణం ఉందన్నారు. ఉండే ఉంటుంది. సినిమావాళ్ళ కారులో వచ్చినవాళ్ళు మా పెంకుటింటి ముందు ఆపమని ఎలా అడుగుతారు. మా అత్తగారు మీ గురించి అడిగినప్పుడల్లా నేనే ఏదో ఒకటి చెప్తున్నాను. మీరన్న మాట చెప్పలేదు, మీరు అడిగారని చెబితే ఆవిడ ఇంకో ప్రశ్న వేస్తారు.

బత్తాయిలు ఇక్కడా దొరుకుతాయి.

సైకిలు వంతెన దాకా వచ్చింది. వంతెన దగ్గర దిగిపోతున్నాను. ఇనపరేకుల వంతెన, పక్కన కమ్మీ మోకాలి ఎత్తు. కింద లాకు తలుపుల్లోంచి దూకే నీళ్ళు హోరుమంటుంటాయి. తొక్కడం సరే, నడిపించుకుంటూ దాటడానికి కూడా కాళ్ళు రావు. ఎవరైనా వచ్చి సైకిలు దాటించేదాకా నిలబడి, వాళ్ళ వీపుకేసే చూస్తూ వెనకాల దాటతాను. ఆలస్యం అవుతూనే ఉంది. సుబ్బరామయ్య బాబాయిగారు ఆ విరిగిన బల్ల మీద పేపరు చదువుకుంటూ, "ఏమ్మా లీలా, సైకిలు నిన్ను తీసుకెళ్తోందా, నువ్వు సైకిల్ని తీసుకెళ్తున్నావా?" అంటారు. మీరు అదే వంతెన మీద నవ్వుతూ పోయారు. ఎలా నవ్వారా అని రోజూ అనుకుంటాను.

ఏప్రిల్ పదహారు నుంచి పది రోజులు యూసుఫ్‌గూడలో మాకు శిక్షణ ఉంది. హాస్టల్ ఇస్తారట. మీకు ఇబ్బంది కలిగించను.

లీలాకుమారి

కృష్ణానగర్
18-3-2001

లీలకి,

నన్ను "మీరు" అన్నావు. పెళ్ళయి వచ్చిన రోజున నా కొంగు పట్టుకుని "నువ్వు" అన్న పిల్లవి. సరే, అది అలా ఉంచుతాను.

కొన్ని సంగతులు అడగాలి, కోపం లేకుండా చెప్పు. కాళ్ళు రెండూ నేల మీంచి లేచినప్పుడు గుండె దడ ఎంతసేపు ఉంది? తర్వాత తగ్గిందా, లేక దానికి అలవాటు పడ్డావా? బ్రేకు ముందుది పట్టుకుంటావా, వెనకదా? చీర కుచ్చిళ్ళు ఎటువైపు దోపుతావు? మలుపు తిరిగేటప్పుడు ఒళ్ళు కూడా వంచుతావా, హ్యాండిలు ఒక్కటే తిప్పుతావా?

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. తెల్లవారుఝామున మాత్రం కొండల మధ్య చల్లగా ఉంటోంది. పెద్దమ్మ గుడికి వెళ్ళి నీ పేరున కుంకుమ పూజ చేయించాను.

వదిన

కొత్తలాకులు
25-3-2001

అమ్మాజీగారికి,

నాకు పరీక్ష పెడుతున్నారా? ఊళ్ళో వాళ్ళంతా నవ్వుతున్నారు, మీరూ నవ్వండి. టీవీలో పైట ఎగరేసుకుంటూ పోయే మనిషి, పది గజాలకోసారి పడే నన్ను బ్రేకు ముందుదా వెనకదా అని అడగడం. మా ఆయనకి చదివి వినిపించాను. "నిజంగానే అడిగి ఉంటుందే" అన్నారు. ఆయనకి అందరూ మంచివాళ్ళే.

గుండె దడ వారం ఉంది. తగ్గలేదు, కానీ దాన్ని పట్టించుకునే తీరిక లేకుండా పోయింది. బ్రేకు వెనకదే ముందు పట్టాలి, ముందుది ఒక్కటే పడితే మనిషి ఎగిరి అవతల పడుతుంది. నేను పడ్డాను. కుచ్చిళ్ళు ఎడమవైపు దోపి పిన్నీసు పెట్టాలి, గొలుసు కుడివైపు ఉంటుంది కదా. మలుపులో ఒళ్ళే వంగుతుంది, మనం వంచక్కర్లేదు.

మొన్న సూపర్‌వైజరమ్మ వచ్చేసరికి నేనింకా వంతెన ఇవతలే ఉన్నాను. చెప్పీ చెప్పీ విసిగినా, నా పద్దెనిమిదేళ్ళ ఉద్యోగం చూసి ఏప్రిల్ పది దాకా గడువు పెంచింది. అదే ఆఖరు.

లీలాకుమారి

కృష్ణానగర్
31-3-2001

నా తల్లి లీలకి,

కోపంలో కూడా అడిగినవన్నీ చెప్పావు. ఆ ఉత్తరం మడిచి జాకెట్లో పెట్టుకుని వెళ్ళాను ఈ మూడు రోజులూ. ఎక్కడికి వెళ్ళానో చెప్తాను.

దీనితో పాటు ఫిబ్రవరి పదకొండున రాసిన ఉత్తరం పెడుతున్నాను. ముందు అది చదువు. చదివాక తిట్టుకో. తిట్టుకున్నాక మిగతాది చదువు.

చదివావా? అదీ సంగతి. నువ్వు నా వెనకాల వస్తున్నావనుకున్నావు, నేను ఉన్నచోటే ఉన్నాను. నువ్వు ఏప్రిల్లో వచ్చి నా మొహం చూసే లోపల అయినా అబద్ధం అబద్ధంగా ఉండకూడదని, నేర్చుకోవడం మొదలుపెట్టాను. నేర్చుకున్నాకే నీకు రాద్దామని ఇన్నాళ్ళు ఆగాను. అది ఇంకో తప్పు.

మా గల్లీలో రాజమ్మ అని ఉంది. ఇస్త్రీ చేస్తుంది. డాన్సర్ల బట్టలు సైకిలు మీద స్టూడియోలకి చేరవేస్తుంది. ఇక్కడి మనిషే, మాట కాస్త గట్టిది. నేర్పమని అడిగితే నన్ను పైనించి కిందికి చూసి, "గదేంది అక్కా, చెక్‌పోస్ట్ కాడ గంత పెద్ద బోర్డు మీద దొరసాని లెక్క తొక్కుతున్నవ్, ఇప్పుడు నన్ను నేర్పుమంటున్నవ్?" అంది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర ఆ ప్రకటన బోర్డు కట్టారు. నేను గుడికి పోతూ దాని కింద నుంచే నడుస్తాను, తల వంచుకుని. పైన ఆకాశంలో నేను మీ వంతెన దాటుతూ ఉంటాను.

షాపులో లేడీస్ సైకిలు గంట లెక్కన తీసుకుంది రాజమ్మ. పానాతో సీటు కిందికి దింపించింది. "కూసో. రెండు కాళ్ళు నేలకు ఆనుతున్నయా? ఆనినంక ఎట్ల పడతవ్?" అంది. ఫిల్మ్‌నగర్ వెనక రాళ్ళ మధ్య ఒక కొత్త రోడ్డు వేశారు, ఇళ్ళింకా రాలేదు. మెల్లగా దిగే రోడ్డు. తెల్లవారుఝామున అక్కడికి పోయేవాళ్ళం. పెడలు తొక్కనివ్వలేదు. కాళ్ళతో నేలని నెట్టుకుంటూ కిందికి జారమంది, పిల్లలు జారినట్టు.

నాకున్న భయం పడిపోతానని కాదు లీలా. నేల నన్ను వదిలేస్తుందని. యాభయ్యేళ్ళు నేల మీద నెమ్మదిగా నడిచినదాన్ని. ఎక్కగానే కళ్ళు మూసుకుని నామాలు చదవడం మొదలుపెట్టాను.

"దేవున్ని జర ఆగుమను అక్కా. ముందుగాల బిరేక్ మీద చెయ్యి పెట్టు."

నాలుగో రోజు పడ్డాను. మోచెయ్యి గీరుకుపోయింది. మర్నాడు ఒక ముహూర్తంలో కట్టు కట్టిన చేత్తో హారతి ఇస్తుంటే ఏమైందమ్మా అని అడిగారు. సైకిలు మీంచి పడ్డానన్నాను. ఫ్లోరంతా నవ్వింది. వాళ్ళకి తెలుసు కదా, ఆ సైకిలు మీంచి ఎవరూ పడలేరని. ఆ రోజు ఇంటికొచ్చి, ఇక చాలు, చెప్పేద్దాం అనుకున్నాను. అప్పుడే నీ ఉత్తరం వచ్చింది. దడ తగ్గలేదు, పట్టించుకునే తీరిక లేకుండా పోయింది అని రాశావు. ఆ ఒక్క మాట పట్టుకుని మర్నాడు మళ్ళీ వెళ్ళాను.

నిన్న శుక్రవారం. రాళ్ళ మధ్య ఇంకా మసక చీకటి ఉంది. దూరంగా హైటెక్‌సిటీకి పోయే కంపెనీ బస్సుల దీపాలు ఒకదాని వెనక ఒకటి తేలుతున్నట్టు పోతున్నాయి. నేను జారుతున్నాను. సగం దిగాక రాజమ్మ వెనకనుంచి, "కాళ్ళు పైన పెట్టు" అంది. పెట్టాను. పెడళ్ళు వాటంతట అవే పాదాల కిందికి వచ్చాయి. తొక్కాను. చక్రం నేలని పట్టుకుంది. స్టాండు మీద ఆ పట్టు లేదు లీలా, అక్కడ అంతా తేలికే. ఇక్కడ ప్రతి రాయీ చేతుల్లోకి వచ్చి చెబుతోంది, నేనున్నాను, నేనున్నాను అని. నేల నన్ను వదల్లేదు. ఎప్పుడూ లేనంత దగ్గరగా వచ్చింది. మలుపులో ఒళ్ళు దానంతట అదే వంగింది, నువ్వన్నట్టే.

ఆగడం ఒక్కటే మర్చిపోయాను. ఇసుక కుప్పలోకి పోయి ఆగాను. రాజమ్మ పరిగెత్తుకొచ్చి, "ఫికర్ లేదు, ఆగుడు రేపు నేర్పిస్త" అంది.

ఇంతే నాకు వచ్చింది. పల్లం వస్తుంది, మెరక రాదు. మీ వంతెన నేను దాటలేను, ఇప్పుడు కూడా. నన్ను చూసి నువ్వు ఎక్కావు, ఆ వంతెన మీద నేను లేనని తెలిశాక నువ్వు దిగిపోతే ఆ ఉద్యోగం పోయిన పాపం నాది. గడువు ఇంకా పది రోజులుంది. దిగకు అని చెప్పే అర్హత నాకు లేదు. దిగవద్దని ఆ తల్లికి మాత్రం చెప్పుకుంటున్నాను.

నీ వదిన,
అమ్మాజీ

కొత్తలాకులు
6-4-2001

వదినా,

నీ ఉత్తరం బుధవారం మధ్యాహ్నం అందింది. ఇంటి దగ్గర కాదు. పోస్టుమాన్ నన్ను వెతుక్కుంటూ కేంద్రానికే తెచ్చి ఇచ్చాడు. కేంద్రం వంతెనకి అవతల ఉంది. అంటే అప్పటికి నేను ఒక్కదాన్నే, తొక్కుకుంటూ దాటేసి ఉన్నాను.

ఆ ఉదయం ఏం జరిగిందో చెప్తాను. వంతెన దగ్గర నిలబడ్డాను. ఎవరూ రాలేదు. బాబాయిగారు కూడా లేరు, పేపరు ఆలస్యమైందేమో. ఎనిమిది అయింది. ఇంక ఈ ఉద్యోగం అయిపోయింది అనుకున్నాను. అప్పుడు నాకు నువ్వు కనబడ్డావు. నిజంగానే, ఆకుపచ్చ చీర, వంతెన మొదట్లో, పైట ఎగురుతోంది. నువ్వు వెళ్తున్నావు. నీ మీద కోపంతో, నిన్ను పట్టుకుని ఆపి, మా ఇంటికి ఎందుకు రాలేదని నిలదీయాలని నీ వెనకాల ఎక్కాను. నీ పైట మీదే కళ్ళు పెట్టుకుని తొక్కాను. అవతల గట్టు ఎక్కాక నువ్వు లేవు. నేను ఉన్నాను. ఎనిమిదిన్నరకి తలుపు తీశాను.

ఉత్తరం పిల్లలు నిద్రపోయాక చదివాను. రెండూ చదివాను. ముందు ఏడుపొచ్చింది, లేని మనిషి మీద రెండు నెలలు కోపంగా ఉన్నానని. తర్వాత నీ మీద నిజంగానే కోపం వచ్చింది. బ్రేకు గురించి అడిగినప్పుడైనా చెప్పకూడదూ? ఇసుక కుప్ప దగ్గర మాత్రం ఆగలేక నవ్వాను. నిద్రపోతున్న పిల్లలు లేచారు.

నాలుగింటికి తాళం వేసి బయల్దేరాను. వంతెన దగ్గరికి వచ్చి కాలు కింద పెట్టాను. ఉదయం నా ముందు నువ్వున్నావు. ఇప్పుడు నువ్వు నీలం గుడ్డ ముందు ఫ్యాను గాలిలో ఉన్నావని తెలుసు. ఎంతసేపు చూసినా వంతెన మీద ఎవరూ కనబడలేదు. ఇనపరేకులు, నీళ్ళ హోరు, అంతే. మా ఇంటివైపు గట్టు మీద బాబాయిగారు పేపరు మడిచి లేచారు.

"రమ్మంటావా అమ్మా? సైకిలు దాటించనా?"

ఔనని నోటిదాకా వచ్చింది.

"వద్దు బాబాయిగారూ. మీరక్కడే ఉండండి. అడ్డం రాకండి, ఆపడం నాకింకా సరిగా రాదు."

ఆయన గబగబా పక్కకి తప్పుకున్నారు. నేను పెడలు మీద కాలు పెట్టాను. రేకులు ఒకటొకటే కింద మోగాయి. ఉదయం అవి మోగినట్టు కూడా నాకు తెలియదు. గుండె అలాగే కొట్టుకుంటోంది, కొట్టుకోనిచ్చాను. సగం వచ్చాక ఏమనుకున్నానో, ఒక్క క్షణం పక్కకి తిరిగి కిందికి చూశాను. ఎండ నీళ్ళలో పడి లాకుల దగ్గర ముక్కలు ముక్కలుగా విరుగుతోంది. ఇన్నేళ్ళూ ఈ కాలువ పక్కనే ఉండి, మధ్యలోంచి ఎలా ఉంటుందో నేను ఎప్పుడూ చూడలేదు.

నిన్న, ఇవాళ కూడా వెళ్ళొచ్చాను. సూపర్‌వైజరమ్మ ఇవాళ పొద్దున్నే వచ్చి, తలుపు తీసి ఉండటం చూసి, రిజిస్టర్లో సంతకం పెట్టి వెళ్ళింది.

పదహారో తారీఖు పొద్దున్నే బండి దిగి నీ దగ్గరికే వస్తాను. హాస్టల్ వద్దని రాసేశాను. ఆ రాజమ్మకి చెప్పి రెండో సైకిలు మాట్లాడి ఉంచు. మెరక ఎలా ఎక్కాలో నేను చూపిస్తాను.

లీల